కోడి కాలికి గద్వాల ముడి

ఇది ఒక మహాయుద్ధం కథ. ఒక పక్క కంటికి కనబడని శత్రువు. వాడికి కత్తి లేదు, కాలు లేదు, అసలు ప్రాణం ఉందో లేదో చదువుకున్నవాళ్లే తేల్చుకోలేకపోయారు. మరో పక్క కృష్ణ ఒడ్డు నుంచి నల్లమల అంచు దాకా పరుచుకున్న నేల, ఆ నేల మీద సూది పట్టుకుని ఒంటరిగా నిలబడ్డ యువకుడు. ఆ యువకుడి పోరాటాన్ని రాబోయే తరాలు...

ఇంతవరకు రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. బియ్యంలో రాళ్లు ఏరుతూ విని, "కోళ్ల సంగతి ఎప్పుడొస్తది?" అన్నది.

సరే. ఇది కోళ్ల సంగతి. ఆ యువకుడు ఒంటరిగా కూడా నిలబడలేదు, ఎక్కువభాగం కోళ్ల వెంట పరిగెత్తాడు. ల్యాబు ఉద్యోగాల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు అడుగుతుంటారు, మీ రోజుల్లో పని ఎట్లుండేదని. ప్రమోషన్ల గురించి రాయను. రాయడానికి సరిపడా రాలేదు కూడా.

వనపర్తి వెనుక గది

మాది గద్వాలలో చీరలు నేసే ఇల్లు. గద్వాల చీరంటే ఒంటికి నూలు, అంచుకు పట్టు. ఆ రెండు రకాల పోగుల్నీ చేతికి తెలియకుండా అతికించే ముడి మా ఇంటి విద్య. నడక కంటే ముందు ఆ ముడి నేర్పారంటారు. నేను మగ్గం గుంటలో కూర్చున్న ప్రతిసారీ అంచు వంకర పోయేది. దాంతో మా నాయన నా చదువు మీద చాలా శ్రద్ధ చూపించాడు.

చదువయ్యాక వనపర్తిలో పశువుల దవాఖాన వెనుక ఒక గదిలో ఉద్యోగం దొరికింది. గుమ్మం మీద 'పరిశోధన విభాగం' అని రాసి ఉండేది. లోపల ఒక ఫ్రిజ్, ఒక బల్ల, నరసింహం సారు, ఒక కోడిపుంజు. నేను చేరాక ఇంకో కుర్చీ వచ్చింది.

పుంజు అక్కడ అందరికంటే సీనియర్. దానికి ఎప్పుడూ రోగం రాలేదు, ఎవరూ టీకా వేయలేదు. అందుకే దాని రక్తం మా పరీక్షకు కావాలి. ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు చెప్పులు మార్చుకోకుండా దాని దగ్గరికి పోకూడదు. మా సారుకు అటువంటి రూలు ఏదీ లేదు, చెప్పులతోనే ఎవరైనా ఆయన దగ్గరికి పోవచ్చు.

బొట్టు

మేం వెతికే వైరస్ కొక్కెర రోగానిది. పుస్తకాల్లో దాన్ని రాణిఖేత్ అంటారు. కోడి మెడ తిరిగిపోతుంది, పచ్చగా పారుతుంది, నోరు తెరిచి గురగురమంటుంది. పొద్దున గంప ఎత్తితే లోపల కదిలేది ఏమీ ఉండదు.

ఆ వైరస్‌కు ఒక అలవాటుంది. ఎర్రకణాలు కనబడితే వాటిని ఒకదానికొకటి అంటిస్తుంది. గుంతల పళ్లెంలో వైరస్, ఎర్రకణాలు కలిపి పోస్తే కణాలన్నీ వలలా అల్లుకుని గుంత నిండా పలచగా పరుచుకుంటాయి. ఇప్పుడు ఇంకో గుంతలో ముందుగా పరీక్షించే కోడి రక్తపు తేట పోసి, తర్వాత అవే రెండూ కలపండి. ఆ కోడి ఒంట్లో యాంటీబాడీలుంటే అవి వైరస్‌ను పట్టుకుని పని చేయనివ్వవు. అప్పుడు ఎర్రకణాలు ఏ గొడవా లేకుండా జారి గుంత అడుగున చిన్న కుంకుమ బొట్టులా చేరుతాయి. తేటను ఒక గుంత నుంచి ఇంకో గుంతకు సగం సగం పలచన చేస్తూ పోతాం. బొట్టు ఎంత దూరం గుంత దాకా కనబడితే కోడికి రక్షణ అంత గట్టిగా ఉన్నట్టు.

నేను మొదటిసారి పళ్లెం చూసి సారు దగ్గరికి పరిగెత్తి, "సార్, అన్ని కోళ్లకూ రోగమే! అడుగున రక్తం గడ్డకట్టింది!" అన్నాను.

సారు కోస్తా వైపు మనిషి. కోపం వచ్చినా గొంతు పెంచేవారు కాదు. "బాబూ, నువ్వు ఆరోగ్యాన్ని చూసి భయపడుతున్నావు. అలవాటు లేక అలా అనిపిస్తుంది, కూర్చో," అన్నారు.

ఆయన నేర్పిన ఇంకో మాట ఈ వృత్తిలోకి వచ్చే ప్రతివాళ్లకూ చెప్తాను. ఒక్కసారి తీసిన రక్తం ఏమీ చెప్పదు. యాంటీబాడీ ఉందంటే అది టీకాతో వచ్చిందో, ఎప్పుడో రోగం తగిలి పోతే మిగిలిందో ఎవరికి తెలుసు? సూదికి ముందు ఒకసారి, మూడు వారాలకు ఇంకోసారి తీయాలి. మొదటిదాంట్లో లేనిది రెండోదాంట్లో వస్తేనే మాట్లాడాలి. నాకు ఇది రెట్టింపు పని అనిపించింది. రెట్టింపు పనే.

వైరస్‌ను పట్టుకోవడం ఇంకా కష్టం. చచ్చిన కోడిని చల్లగా, తొందరగా పంపాలి. అచ్చంపేట పక్క, మన్ననూర్ దాకా మా మనిషి ఎవరూ లేరు కాబట్టి, "కోడి చస్తే చెడిపోకుండా పంపండి" అని నేనే చెప్పించాను. ఒకాయన నిజంగానే పంపాడు. ఈకలు పీకి, కాల్చి, ఉప్పూ పసుపూ దట్టంగా పట్టించి, మోదుగాకులో కట్టి బస్సు కండక్టర్‌కు ఇచ్చాడు. అస్సలు చెడిపోలేదు. వైరస్ కూడా మిగల్లేదు. సారు ఆకు విప్పి చూసి, "నీ సూచనలు అక్షరాలా పాటించారు," అన్నారు.

సగం కోళ్లకు

మా దగ్గర తేలాల్సిన ప్రశ్న చిన్నది. ఎండాకాలంలో, ఐసు డబ్బాలో, రెండు బస్సులు మారి పోయిన టీకా ఊరి కోడికి పనిచేస్తుందా లేదా? పనిచేస్తుందని తేలితే ఊళ్లకు పంపుతారు. లేదంటే ఫ్రిజ్ ఉన్న ఊళ్లలోని కోళ్లే బతకాలి. అంటే ఏ కోడీ బతకనక్కర్లేదు.

తిమ్మాజిపేట దగ్గర ఒక చిన్న ఊరిని ఎంచుకున్నాం. ప్రతి ఇంట్లో సగం కోళ్లకు సూది వేయాలి, సగం అట్లే వదలాలి. ఏది ఏదో తెలియడానికి కాళ్లకు రింగులు తొడగాలి. ఇండెంటు పెట్టాం, రింగులు రాలేదు. నేను గద్వాల పోయి, ఇంట్లో తెగి మిగిలిన పట్టుపోగులు తెచ్చుకున్నాను. సూది వేసిన కోడికి ఎర్రది, వేయనిదానికి తెల్లది.

మా నాయన మగ్గం మీద నుంచి తల ఎత్తి, "పట్టుపోగు ఎందుకురా?" అన్నాడు.

"కోడి కాళ్లకు కట్టనీకి."

"లగ్గమెప్పుడు?"

ఊళ్లో మొదటి ఇల్లు మణెమ్మది. నాకంటే పదేళ్లు పెద్దదేమో, కూలికి పోయే మనిషి. ఆమె వాకిట్లో ఐసు డబ్బా దింపి విషయం చెప్పాను. ఆమె నడుం మీద చేయి పెట్టుకుని విన్నది.

"సగం కోళ్లకేనా?"

"సగానికే అక్కా. ఇది పరీక్ష."

"పరీక్షనా? ఎవరు రాస్తరు, నువ్వా కోళ్లా?"

"మిగిలినవాటికి మూడు వారాలైనంక వేస్త."

"నాకు ఇద్దరు పిల్లలుంటె ఒక్కలకే బువ్వ వెడతనా తమ్మీ? ఏం సదివినవ్ నువ్వు?" అని, తర్వాత కొంచెం మెత్తబడి చెప్పింది. "మా ఇంటాయన మేస్త్రి ఎంట కాల్వ పనికి పోయిండు. గీ కోళ్లున్నయని నేను ఊర్లె ఉన్న. పోయినేడు కొక్కెరొచ్చి గంపల ఒక్కటి మిగల్లె. ఇంటికి తాళమేసి, పిల్లను బడి మాన్పిచ్చి నేను గూడ పోతి. ఈయేడు పిల్ల ఐదోది సదువుతుంది. ఇప్పుడు కోళ్లు పోతె మల్ల పోవుడే. జర సూసి ఎయ్యి."

నేను డబ్బా మూత తీసి, ఐసు ఇంకా మిగిలిందో లేదో చూసుకున్నాను.

కోళ్లు పట్టడం గురించి పుస్తకాల్లో 'పక్షిని నెమ్మదిగా నిలువరించాలి' అని ఉంటుంది. ఆ పుస్తకం రాసినాయన మణెమ్మ వాకిట్లోకి రావాల్సింది. నేను ఒకసారి రేగుకంపలో పడ్డాను, ఒకసారి కుడితి గోలెంలో చేయి పెట్టాను. ఆమె కూతురు అరుగు మీద కూర్చుని నవ్వీ నవ్వీ ఎక్కిళ్లు తెచ్చుకుంది. మొత్తానికి రెక్క కింది నరం నుంచి రక్తం తీశాను, సగానికి సూది వేశాను, దారాలు కట్టాను. ముడి మాత్రం అందంగా వేశాను. కొసలు దగ్గరగా కత్తిరించి, వేలితో తడిమినా తెలియనట్టు. ఆ రోజు మా నాయన చూసి ఉంటే నన్ను మగ్గం దగ్గరికి పిలిచేవాడు. చూడకపోవడం మంచిదైంది.

సర్కారు మొక్కు

మూడు వారాల తర్వాత రెండో రక్తానికి పోయాను. ఏ ఇంటికి పోయినా ఎర్రదారం కోళ్లు అన్నీ దిట్టంగా తిరుగుతున్నాయి. తెల్లదారం కోళ్లు లేవు.

"చుట్టాలొచ్చిన్రు," అన్నారు ఒక ఇంట్లో. "మారుబేరగాడు కొనుకపోయిండు," అన్నారు ఇంకో ఇంట్లో. మూడో ఇంట్లో పొయ్యి మీద కుండ వైపు చూశారు.

"మరి ఎర్రదారంవి ఎందుకు కొయ్యలేదు?" అన్నాను.

ఆ ఇంటి ముసలాయన నన్ను జాలిగా చూశాడు. "ఎర్రదారం మా ఊరి ఈదమ్మ తల్లికి మొక్కిన కోడికి గడతం సారూ. పండుగ దాంక దాన్ని అమ్మం, కొయ్యం. బేరగాడు గూడ ముట్టడు. మీరు కడుతుంటె ఏందో, సర్కారు గూడ మొక్కుకున్నదేమో అనుకున్నం."

గద్వాలలో మేం మొక్కు కోడికి దారం కట్టం, పసుపు రాస్తాం. ముప్పై నలభై మైళ్లలో ఆచారం మారుతుందని నాకు ఏ క్లాసులోనూ చెప్పలేదు. చెప్పినా నేను ఆ రోజు క్లాసుకు పోయి ఉండను.

మణెమ్మ ఇంట్లో కూడా ఎర్రదారాలే. తెల్లవి ఏమయ్యాయని అడగను కూడా అడగలేదు, అందరిలాగే వండుకుందనుకున్నాను. చేతికి దొరికిన ఎర్రదారం కోడినల్లా పట్టి రక్తం తీసుకున్నాను.

వనపర్తికి వచ్చి చెప్తే సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అంటే మన టీకా వేయించుకున్న కోడికి కూరలో పడే ప్రమాదం నుంచి సంపూర్ణ రక్షణ ఉందన్నమాట. పోల్చడానికి అవతలి పక్షం మిగల్లేదు. ఇలాంటి టీకా ప్రపంచంలో ఇంకెవరూ కనిపెట్టలేదోయ్."

నాలుగు బొట్లు

అన్ని ఇళ్ల తేటలూ పళ్లెంలో పెట్టాం. మొదటి రక్తాల్లో ఎక్కడా బొట్టు లేదు. రెండో రక్తాల్లో బొట్లు వరసగా దూరం గుంతల దాకా పోయాయి. ఐసు డబ్బా, రెండు బస్సులు, నేను, ఇంతమందిని తట్టుకుని టీకా పనిచేసింది. సారు నవ్వడం మొదటిసారి చూశాను. ఆయన ముఖానికి అది అంతగా అలవాటు లేదని తెలుస్తూనే ఉంది.

తర్వాత మణెమ్మ ఇంటి వరస చూశాం. నాలుగు కోళ్లకు చక్కటి బొట్లు. రెండింటికి ఏమీ లేదు. మొదటి గుంత నుంచే ఎర్రకణాలు పలచగా పరుచుకున్నాయి.

"ఒకే సీసా మందు, ఒకే వాకిలి," అన్నారు సారు. "మందు చచ్చిపోతే ఆరూ పోవాలి. నువ్వు ఆ రెండింటికి సూది ఈకల్లోకి వేశావు."

ఇది జరుగుతుంది. సూది చర్మం దాటి బయటికి వచ్చేస్తుంది, మందంతా ఈకల మీద పడుతుంది, మనం గర్వంగా కోడిని వదిలేస్తాం. నేను వేసి ఉంటానా? వేసి ఉంటాననే అనుకున్నాను. నా మీద నాకు ఆ మాత్రం నమ్మకం ఉంది.

ఆ వారమే పక్క ఊళ్లో కొక్కెర తగిలిందని కబురు వచ్చింది. సారు అడుగున రెండు కోళ్లకే సరిపడా మందు మిగిలిన టీకా సీసా నా చేతిలో పెట్టారు. "వెళ్లు. ఏ రెండో కనిపెట్టు. ఈసారి కోడిలోకి వేయి."

నేను పోయేసరికి మణెమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. "బేరగాడొచ్చిండు తమ్మీ. రోగమొస్తుందని అగ్గువకు అడుగుతుండు. గదన్న అమ్ముదమంటె దారం జూసి వద్దంటుండు. అమ్మరాదు, కొయ్యరాదు. నీ దారమేందోగని నన్ను కట్టేసింది. ఇవి బతుకుతయా సావనా? సక్కగ చెప్పు."

"నాలుగు బతుకుతయి."

"మిగిలిన రెండు?"

"ఏ రెండో తెల్వదు."

"మంచిగ సదివినవ్," అన్నది.

ముడి

కోళ్లను ఒక్కొక్కటే పట్టి ఒళ్లో పెట్టుకుని చూశాను. రెక్కల కింద ఏ గుర్తూ లేదు. అన్నీ ఒక్క తీరుగా నన్ను పొడిచాయి. ఐదో కోడిని పట్టినప్పుడు దాని కాలి దారం నా వేలికి తగిలింది. గరుకుగా ఉంది. వంగి చూస్తే ముడి లేదు, పువ్వు ఉంది. పిల్ల జడకు రిబ్బన్ కట్టినట్టు రెండు చెవులతో అందమైన పువ్వుముడి. దారం నూలుది.

నూలుకూ పట్టుకూ తేడా తెలియడం మా వంశంలో పళ్లు రాకముందే జరిగే విషయం. మొన్న రెండో రక్తానికి వచ్చినప్పుడు ఇదే కాలు పట్టుకుని, ఇదే దారం చూస్తూ, దీని రక్తం తీసుకుపోయాను. మా నాయనకు ఈ సంగతి నేను చివరిదాకా చెప్పలేదు.

"అక్కా, ఈ దారం ఎవరు కట్టిన్రు?"

"నేనే. గుడికాడ కొన్న." ఆమె నా వైపు చూడకుండా చీపురు పుల్లలు సరిచేసింది. "నువ్వు సగానికే కడితివి. మిగిలిన సగాన్ని సావనిడుస్తనా? నీ సూది నాకు రాదు. ఈదమ్మ దారమైతె వస్తది. తెల్లదారంవి నాలుగింట్ల రెండు పిల్లి ఎత్తుకపోయింది, మిగిలిన రెండింటికి తెల్లవి తెంపి ఎర్రవి కట్టిన."

నేను ఆరు కోళ్ల కాళ్లూ తడిమి చూశాను, నాలుగింటికి నా పట్టు, రెండింటికి ఆమె నూలు. ఊరంతా తినేసిన అవతలి పక్షం ఇక్కడ ఈమె గంప కింద భద్రంగా ఉంది. సూది లేని కోళ్లు, ఒకే వాకిలి, ఒకే తిండి, ఒకే రంగు దారం. నా ముడి ఉన్న నాలుగింటికీ బొట్టు ఉంది, ఆమె పువ్వుముడి ఉన్న రెండింటికీ లేదు. సారు రోజుల తరబడి కాగితం మీద గీసి గీసి చేయలేకపోయిన పరీక్షను ఈమె రెండు దారం ముక్కలతో చేసి పెట్టింది. ఈ మాట చెప్తే, "అయితె ఇప్పుడన్న వాటికి ఎయ్యి," అన్నది. ఆమె ధ్యాస కోళ్ల మీద ఉంది.

వేశాను. ఈకల్లోకి కాదు.

కొక్కెర నాలుగైదు రోజుల్లోనే ఊళ్లోకి వచ్చింది. సూది పడ్డాక కోడి ఒళ్లు తయారు కావడానికి టైం కావాలి, రోగం మన టైం చూసి రాదు. పువ్వుముడి కోళ్లలో ఒకటి మెడ తిప్పేసి పోయింది. ఇంకోటి రెండు రోజులు ముడుచుకుని కూర్చుని, మూడోరోజు లేచి కుడితి గోలెం ఎక్కింది. నా ముడి వేసిన నాలుగూ ఏమీ జరగనట్టే తిరిగాయి. ఊరంతా అంతే. ఎర్రపట్టు ఉన్నవి బతికాయి, కొత్తగా కొనుక్కొచ్చినవి పోయాయి.

రెండో విడత కూలీల కోసం మేస్త్రి లారీ వచ్చినప్పుడు నేను ఆ ఊళ్లోనే ఉన్నాను. మేస్త్రి మణెమ్మ ఇంటి ముందు ఆగి, "వస్తున్నవా? మూట గట్టు," అని కేక వేశాడు.

మణెమ్మ గింజలు చల్లుతూ, "ఎట్లొస్తనే? కోళ్లున్నయి," అన్నది. తలెత్తి కూడా చూడలేదు. కూతురు పలక సంచీ తగిలించుకుని లారీ పక్కనుంచే బడికి పోయింది.

ఘనత ఎవరిది

ఇక్కడ శాస్త్రం గెలిచిందని రాయాలి. ఊళ్లో ఎవరూ అట్లా అనలేదు. ఈదమ్మ కాపాడిందన్నారు. సరే, ఆమె సీనియర్. అయితే ఎర్రదారం ఉండీ చచ్చిపోయిన ఆ ఒక్క కోడి సంగతి ఏమిటని కొందరు ఆలోచించి ఒక సిద్ధాంతం తయారుచేశారు. మణెమ్మ ముడి వదులు. సారు ముడి గట్టి.

తర్వాతి ఏడు టీకా తీసుకుని పోతే నా చుట్టూ కోళ్లతో జనం చేరారు. నాకు కళ్లు చెమర్చబోయాయి.

"సూది వద్దు సారూ," అన్నది ముందున్న అవ్వ, పుంజును ముందుకు చాపి. "పాపం నొస్తది. గా గద్వాల ముడొక్కటి ఎయ్యి, సాలు."

నేను వైరస్ గురించి చెప్పాను. యాంటీబాడీ గురించి చెప్పాను. నేల మీద గుంతలు గీసి బొట్టు కూడా పెట్టాను. అవ్వ ఓపికగా విని, "గదంత మంచిదే. ముడెయ్యి," అన్నది.

అప్పుడు మణెమ్మ గొంతు వెనుక నుంచి వినబడింది. "సూది లేంది ముడి ఎయ్యడు. నాకు గట్లనే ఒకటి సచ్చింది. ముందు సూదేపిచ్చుకోన్రి, లేకుంటె పక్కకు జరగున్రి, నా కోళ్లున్నయి."

ఆ రోజు ఊళ్లో ఒక్క కోడి మిగలకుండా సూది పడింది. ఈదమ్మ పండుగకు ముందు మళ్లీ పోయి దారాలన్నీ విప్పి రావాలి, కట్టిన చేయే విప్పితే మొక్కు తప్పిన దోషం అంటదని పెద్దలు తేల్చారు. కొన్నేళ్లు అట్లా కట్టడానికి ఒకసారి, విప్పడానికి ఒకసారి ఆ ఊరికి పోయాను. సారు రిపోర్టులో ముడి గురించి ఒక్క వాక్యం రాసి, ఇంకోసారి చదివి, కొట్టేశారు.

కాలి రింగులు చివరికి వచ్చాయి. బాతులవి. ఇండెంటులో 'కోడి' అని రాస్తే చాలదు, కాలి కొలత కూడా రాయాలి.